అమ్మాయి చేతికి ఆటల పుస్తకం

ఒక జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళినప్పుడు మా అన్నయ్య పిల్లలిద్దరికీ చెరో పుస్తకం కొన్నాను. మేనల్లుడికి జిమ్ కార్బెట్ రాసిన 'మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్', మేనకోడలికి రంగురంగుల ముగ్గుల పుస్తకం. ఎందుకలా కొన్నావని అప్పుడు ఎవరైనా అడిగితే, "మగపిల్లాడికి వేట కథలు, ఆడపిల్లకి ముగ్గులు కాక ఇంకేం కొంటాం?" అనేదాన్నేమో. ఎవరూ అడగలేదు. అడగాల్సిన సంగతని నాకూ తోచలేదు.

వారం తిరక్కుండానే మేనకోడలు ఫోన్ చేసింది. అప్పుడది తొమ్మిదో తరగతి. ముగ్గుల పుస్తకం వాళ్ళమ్మకి ఇచ్చేసి, తమ్ముడి పుస్తకం తనే ముందు చదివేసిందట.

"అత్తా, ఒక మాట అడుగుతాను. ఇందులో పులి నోట పడ్డవాళ్ళలో అంతమంది ఆడవాళ్ళున్నారేం? పులులకి ఆడవాళ్ళంటే కోపమా?"

నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆ పుస్తకం నేను కాలేజీలో చదివాను. తుపాకీ, చెట్టు మీద మంచె, సాహెబుగారి ధైర్యం... గుర్తున్నవి ఇవే. చచ్చిపోయిన వాళ్ళు ఆడవాళ్ళా, మగవాళ్ళా అన్నది నా బుర్రలో ఎక్కడా లేదు. మళ్ళీ తీసి చదివాను. పిల్ల చెప్పింది నిజమే. పశువులకి గడ్డి కోసుకోవడానికో, ఆకు కొమ్మలు కొట్టుకోవడానికో కొడవలి పట్టుకుని వెళ్ళిన ఆడవాళ్ళు ఆ పుస్తకంలో అడుగడుగునా కనిపిస్తారు. చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని కార్బెట్ లెక్క. 1907లో ఆయన దాన్ని చంపాడు. దాని చేతిలో ఆఖరున పోయింది పదహారు, పదిహేడేళ్ళ అమ్మాయి. ఇంకొకావిడ కథ కూడా ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ పనిలో ఉండగా పులి అక్కని నోట కరుచుకుపోయింది. చెల్లెలు కొడవలి ఝళిపిస్తూ వెంటపడింది. అక్కని వదిలేసి నన్ను తీసుకుపొమ్మని అరిచింది. ఆ తర్వాత ఆమెకి మాట పడిపోయింది. పులి చర్మం తెచ్చి చూపించిన రోజున ఆమె గొంతు మళ్ళీ పెగిలింది.

అడవి ఆ ఆడవాళ్ళకి విహారం కాదు, సాహసమూ కాదు. గేదెకి గడ్డి. ఊరంతా తలుపులు బిగించుకున్నా, పొయ్యిలోకి కట్టె, పశువుకి మేత కావాలి కదా! తుపాకీ లేకుండా, కొడవలితో, రోజూ అడవిలోకి వెళ్ళొచ్చిన వాళ్ళ ధైర్యం ఎంతటిదో నేను చూడలేదు. తొమ్మిదో తరగతి పిల్ల చూసింది. పుస్తకం అదే. చదివిన కళ్ళు వేరు.

చదివినవాళ్ళు చెప్పే అభిప్రాయానికి ఎంత విలువుంటుందో నాకు ఆ రోజు అర్థమైంది. ఈ వారం ఆ సంగతే మీతో మాట్లాడదామని.

మనం అడిగే ప్రశ్నలు

ఆటల గురించి, కొండలెక్కడం గురించి, అడవుల్లో తిరగడం గురించి వచ్చిన పుస్తకాల మీద సాధారణంగా ఎవరు రాస్తారు? ఆటలు తెలిసిన మగవాళ్ళు. ఏం రాస్తారు? ఎంత ఎత్తు, ఎన్ని పతకాలు, ఎవరి రికార్డు ఎవరు బద్దలుకొట్టారు... తప్పని అనను. కానీ ఆడవాళ్ళు అదే పుస్తకం చదివితే ముందు పుట్టే ప్రశ్నలు వేరు. ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకున్నారు? డబ్బెక్కడిది? ఇంట్లో ఏమని చెప్పి బయల్దేరింది? నెలసరి వస్తే ఏం చేసింది? బహిర్భూమికి ఎక్కడికి వెళ్ళింది? తిరిగొచ్చాక చుట్టాలేమన్నారు?

ఇవి చిల్లర ప్రశ్నలనుకుని మనమే మింగేస్తాం. 'పెద్ద పుస్తకం గురించి ఇలాంటివి అడిగితే నవ్వుతారేమో' అని సందేహం. నిజానికి ఒక ఆడపిల్ల ఆడగలదా లేదా, కొండెక్కగలదా లేదా అని తేల్చేవి ఈ ప్రశ్నలే.

మా కాలనీలో నెలకోసారి అయిదారుగురం కూర్చుని చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఒకావిడ బ్యాంకులో పనిచేస్తుంది, ఒకావిడ బట్టలు కుడుతుంది, ఒకరు రిటైరైన డ్రిల్లు టీచరు, మిగతావాళ్ళం మామూలు గృహిణులం. మేనకోడలి ప్రశ్న వాళ్ళకి చెప్పాను. ఆ ఏడాదంతా ఆటల పుస్తకాలు, యాత్రల పుస్తకాలే చదువుదామని పట్టుబట్టింది డ్రిల్లు టీచరుగారు. తెలుగులో దొరకనివాటిని ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు చదివి మిగతావాళ్ళకి చెప్పాలని ఒప్పందం.

ముందు జుంకో తబెయ్ గురించి చదివాం. ఎవరెస్టు ఎక్కిన మొట్టమొదటి మహిళ ఆవిడ. జపాను దేశస్థురాలు. 1975 మే 16న శిఖరం చేరింది. 1969లోనే జపానులో ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా పర్వతారోహణ సంఘం పెట్టింది. యాత్రకి డబ్బు సాయం అడగబోతే, 'పిల్లల్ని పెంచుకోండి, కొండలెందుకు?' అన్నవాళ్ళున్నారు. ఆవిడ పియానో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టింది. ఖర్చు తగ్గించుకోవడానికి కారు సీటు కవర్ల గుడ్డతో వానకి తడవని సంచులు, చేతి తొడుగులు కుట్టుకున్నారు. యాత్రలో ఉండగా మంచుచరియ విరిగి గుడారాల మీద పడింది. షెర్పాలు బయటికి లాగితే బతికింది. పన్నెండు రోజుల తర్వాత శిఖరం మీద నిలబడింది. ఆవిడ రచనలు 2017లో 'ఆనరింగ్ హై ప్లేసెస్' అనే పేరుతో ఇంగ్లీషులోకి వచ్చాయి.

శిఖరం సంగతి చెబుతుంటే అందరూ ఊ కొట్టారు. కారు సీటు కవర్లతో కుట్టారనగానే మా బట్టలు కుట్టే ఆవిడ లేచి కూర్చుంది. "ఆగండాగండి, అంత మందం గుడ్డని చేత్తో కుట్టారా, మిషను మీదా? సూది విరిగిపోదూ?" అంది. ఎవరెస్టు ఆ క్షణాన మా కాలనీకి దగ్గరైంది. అప్పటిదాకా అది వాళ్ళెవరో ఎక్కిన కొండ. కుట్టుపని తెలిసిన మనిషికి ఇప్పుడు అందులో తనకి తెలిసిన పని కూడా ఉంది.

బ్యాంకు ఆవిడ ఇంకోటి అడిగింది. "అప్పటికి ఆవిడకి చిన్న కూతురుంది కదా, ఎవరు చూసుకున్నారు?" భర్త చూసుకున్నాడు. ఆయనా కొండలెక్కే మనిషే. ఆ జవాబు విన్నాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరింటి లెక్కలు వాళ్ళు వేసుకుంటున్నట్టున్నారు!

మెచ్చుకోవడమే అభిప్రాయం కాదు

అభిప్రాయం చెప్పమంటే మనలో చాలామంది 'చాలా బాగుంది, స్ఫూర్తిదాయకంగా ఉంది' అని ఊరుకుంటాం. అది మర్యాద. అభిప్రాయం అంటే, నచ్చని చోట నచ్చలేదనడం కూడా.

మేరీ కోమ్ ఆత్మకథ 'అన్‌బ్రేకబుల్' 2013లో వచ్చింది. మణిపూర్‌లో పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టిన అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటున్నట్టు తండ్రికి మొదట చెప్పనేలేదు. పేపర్లో ఫొటో చూసి ఆయన తెలుసుకున్నాడు. మొహం మీద దెబ్బ తగిలితే ఈ పిల్లకి పెళ్ళెలా అవుతుందని ఆయన బెంగ. 2007లో ఆవిడకి కవల పిల్లలు పుట్టారు. మరుసటి ఏడాదే చైనాలోని నింగ్‌బోలో ప్రపంచ పోటీల్లో మళ్ళీ బంగారు పతకం గెలిచింది. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం. పిల్లల బాధ్యత అప్పట్లో భర్త తీసుకున్నారు.

దీనిమీద మాలో మాకే పడలేదు. "కాన్పయిన ఏడాదికే బరిలోకి దిగింది, చూడండి మనమెంత బద్ధకస్తులమో!" అంది ఒకావిడ. బ్యాంకు ఆవిడకి కోపమొచ్చింది. "ఇదిగో, ఈ మాటే నాకు నచ్చదు. ఆవిడ ఛాంపియను. శిక్షణ ఉంది, పిల్లల్ని పట్టుకునే మనిషి ఉన్నాడు. అవి లేని ఆడవాళ్ళని ఈ పుస్తకం పెట్టి కొట్టకండి" అంది. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. గెలిచిన స్త్రీ కథ మనకి ధైర్యమివ్వాలి కానీ, 'ఆవిడ చేసింది, నీకేం తక్కువ?' అని దెప్పడానికి ఆయుధం కాకూడదు. అదే పుస్తకం ఒకరికి ఊపిరి, ఇంకొకరికి దెప్పిపొడుపు. రెండు మాటలూ వినబడితేనే పుస్తకం గురించి నిజం తెలిసినట్టు.

ఇలాంటిదే ఇంకో వాదం 'అన్నపూర్ణ: ఎ ఉమన్స్ ప్లేస్' మీద వచ్చింది. 1978లో ఆర్లీన్ బ్లమ్ నాయకత్వంలో అమెరికా నుంచి ఆడవాళ్ళ బృందం ఒకటి నేపాల్లోని అన్నపూర్ణ శిఖరానికి వెళ్ళింది. ప్రయాణానికి డబ్బు కోసం టీషర్టులు అచ్చువేయించి అమ్మారు. ఆ అక్టోబరు 15న ఇద్దరు మహిళలు, ఇద్దరు షెర్పాలు శిఖరం చేరారు. వాళ్ళ వెనక ఎక్కబోయిన మరో ఇద్దరు మహిళలు తిరిగి రాలేదు. బ్లమ్ 1980లో పుస్తకం రాసింది.

"రెండు ప్రాణాలు పోయాయి. అంత అవసరమా?" అని అడిగిందొక గృహిణి. నాకూ జవాబు తోచలేదు. డ్రిల్లు టీచరుగారు మాత్రం మెల్లగా అన్నారు: "మగవాళ్ళు కొండల్లో పోతే సాహసం కోసం ప్రాణమిచ్చాడంటాం. ఆడది పోతే అంత అవసరమా అంటాం. ప్రశ్న మంచిదే. ఇద్దరి విషయంలోనూ అడగండి." వంట చేస్తూ కూడా ఆ మాటే గుర్తొచ్చింది నాకు రెండు రోజులు.

ఇంకో చిన్న సంగతి. క్రీడాకారుల ఆత్మకథలు చాలావాటికి పక్కన మరో రచయిత ఉంటారు. వాళ్ళు చెబుతారు, వీళ్ళు రాస్తారు. తప్పేమీ లేదు. కానీ చదివేటప్పుడు మనకి తెలిసిపోతుంది. ఫలానా పేజీలో మనిషి గొంతు వినిపిస్తోంది, ఫలానా పేజీలో పతకాల జాబితా చదువుతున్నాం అని. అది కూడా చెప్పాల్సిన అభిప్రాయమే.

పద్నాలుగేళ్ళ దగ్గర ఆగిపోయే ఆట

ఇదంతా కాలక్షేపం కబుర్లేగా అనుకోవచ్చు. కాదని మా డ్రిల్లు టీచరుగారు ఒక సాయంత్రం చెప్పారు.

"ముప్పై ఏళ్ళు పిల్లల్ని ఆడించాను. ఆరో తరగతిలో ఖోఖోకి రమ్మంటే ఆడపిల్లలే ముందు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఎనిమిదికొచ్చేసరికి సగం మంది చెట్టుకింద కూర్చునేవాళ్ళు. పదికి వచ్చేసరికి జట్టు కట్టడానికి పిల్లలుండేవాళ్ళు కాదు. కాళ్ళు పనిచెయ్యక కాదమ్మా. 'పెద్దమనిషయింది, ఇంక గంతులేమిటి?' అని ఒక ఇంట్లో. 'ఎండలో నల్లబడితే పెళ్ళెవరు చేసుకుంటారు?' అని ఇంకో ఇంట్లో. బాత్రూం సరిగ్గా లేని బళ్ళో ఆ నాలుగు రోజులూ పిల్ల అసలు రాదు. ఒకసారి మానిన పిల్ల మళ్ళీ రాదు."

నల్లబడితే పెళ్ళెలా అన్న మాట సానియా మీర్జా కూడా చిన్నప్పుడు విన్నానని చెప్పింది. హైదరాబాద్‌లో ఆరేళ్ళకి రాకెట్టు పట్టి, ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచిన అమ్మాయికీ తప్పని మాట, మన వీధి చివర పిల్లకి తప్పుతుందా?

నా సంగతీ చెప్పేస్తాను. ఇంటర్లో నేను టెన్నికాయిట్ ఆడేదాన్ని. రింగు పట్టానంటే వదిలేదాన్ని కాదని పేరు. లంగా వోణీలో ఎగిరి పట్టుకుంటుంటే గోడవతల కుర్రాళ్ళు ఈలలేశారని ఎవరో ఇంట్లో చెప్పారు. అంతే. ఈల వేసినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. నా ఆట ఆగిపోయింది. నేనూ పెద్దగా బాధపడలేదు... బాధపడాలని కూడా తెలియలేదు. పక్క ఊళ్ళోనో, పక్క రాష్ట్రంలోనో నాలాంటి పిల్లే ఒకర్తి ఆగకుండా ఆడుతోందని చెప్పే పుస్తకం నా చేతిలో ఉండి ఉంటే? ఛాంపియన్ని అయ్యేదాన్నని కాదు. కనీసం ఒకసారి ఎదురడిగేదాన్నేమో.

పుస్తకం మైదానం కట్టించదు. బాత్రూము కట్టించదు. కానీ 'నేనొక్కదాన్నే కాదు' అనే మాట చెబుతుంది. ఆ మాట ఎంత పని చేస్తుందో మన తెలుగునేల మీదే చూశాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళే ఆడవాళ్ళు వాచకంలో సారా గురించిన పాఠం చదివి, 'ఇది మన కథేగా' అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటలే ఉద్యమమయ్యాయి. పాఠాన్ని అచ్చువేసి వదిలేస్తే అది కాగితమే. చదివినవాళ్ళు నోరు విప్పి మాట్లాడుకున్నారు కాబట్టే కదలిక వచ్చింది.

గెలిచినవాళ్ళవేనా పుస్తకాలు?

బచేంద్రీ పాల్ పేరు మనకి తెలుసు. 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ. ఆవిడ రాసిన 'ఎవరెస్ట్: మై జర్నీ టు ది టాప్' చదివితే శిఖరం కంటే ముందున్న పేజీలు పట్టి ఆపుతాయి. ఉత్తరకాశీ దగ్గర పల్లె. ఎం.ఏ., బి.ఇడి. చదివింది. టీచరుద్యోగం చూసుకోక కొండలేమిటని ఇంటా బయటా మాటలు. యాత్రలో రాత్రి నిద్రలో ఉండగా మంచు విరిగి గుడారం మీద పడింది, తలకి దెబ్బ తగిలింది. అయినా కిందికి దిగిపోనంది. వారం తర్వాత పైకి చేరింది.

ఒక పుస్తకం, ఒక మనిషి ఇంకొకరికి ఎలా దారి చూపుతారో అరుణిమా సిన్హా జీవితంలో కనిపిస్తుంది. 2011లో దొంగలు రైల్లోంచి తోసేస్తే ఎడమకాలు పోగొట్టుకున్న వాలీబాల్ క్రీడాకారిణి ఆవిడ. వెతుక్కుంటూ బచేంద్రీ పాల్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ దగ్గర శిక్షణ పొంది, కృత్రిమ కాలితో 2013 మే 21న ఎవరెస్టు ఎక్కింది. 2014లో 'బార్న్ ఎగైన్ ఆన్ ది మౌంటెన్' రాసింది.

ఆ 2014లోనే మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. పదమూడేళ్ళ పదకొండు నెలలు. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి రాతిగుట్ట మీద మొదటి పాఠాలు, డార్జిలింగ్‌లో శిక్షణ. పూర్ణ గురించి అపర్ణ తోట ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2019లో వచ్చింది. మా బృందంలో ఎక్కువమందికి నచ్చింది ఇదే. ఎందుకంటే, 'ఇవన్నీ డబ్బున్నవాళ్ళ సరదాలు' అనే మాటకి కూలిపని చేసుకునే తల్లిదండ్రుల కూతురు జవాబైంది. ప్రభుత్వ బడి, శిక్షణ ఇచ్చే మనిషి, ఖర్చు పెట్టే వ్యవస్థ ఉంటే పిల్ల ఎక్కడిదాకా వెళ్ళగలదో అందులో ఉంది. అది ఒక్క పిల్ల గొప్పతనం మాత్రమే అని చదివితే సగమే చదివినట్టు.

అయితే మా బట్టలు కుట్టే ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "అందరూ ఎక్కినవాళ్ళే, గెలిచినవాళ్ళే. ఓడిపోయినవాళ్ళ పుస్తకం లేదా?" ఉంది. పి.టి. ఉష 1984లో లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. నాలుగో స్థానం. ఆవిడ ఆత్మకథ 'గోల్డెన్ గర్ల్' 1987లో వచ్చింది. ఆ మధ్యలో, 1986 సియోల్ ఏషియాడ్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచింది. వందో వంతు సెకనుతో పోగొట్టుకున్న మనిషి మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ పరుగెత్తడం కూడా ఒక కథే. మన పిల్లలకి ముందు చెప్పాల్సిన కథ అదేనేమో.

పతకం, శిఖరం ఏవీ లేకుండా ఊరికే తిరగాలనిపించి తిరిగిన ఆడవాళ్ళ పుస్తకాలూ ఉన్నాయి. ఐర్లండు దేశస్థురాలు డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజుకి ఒక సైకిలు, ఒక అట్లాసు వచ్చాయట. సైకిలు మీద ఇండియా వెళ్ళాలని అప్పుడే అనుకుంది. పద్నాలుగేళ్ళకి బడి మానిపించారు, మంచంపట్టిన తల్లికి సేవ చెయ్యడానికి. తల్లి పోయేదాకా చేసింది. 1963లో, ముప్పై ఒకటో ఏట, చిన్నప్పటి మాట ప్రకారం సైకిలెక్కి ఢిల్లీ దాకా వచ్చింది. ఆ ప్రయాణమే 1965లో వచ్చిన 'ఫుల్ టిల్ట్'. తుపాకీ గురించీ, మంచులో తోడేళ్ళ గురించీ అందరూ చెప్పుకుంటారు. మా బృందంలో అత్తగారికి పదేళ్ళు మంచం దగ్గర సేవ చేసిన ఒకావిడ మాత్రం, "ఆ పదహారు, పదిహేడేళ్ళు ఎలా ఓపిక పట్టిందమ్మా!" అని కళ్ళు తుడుచుకుంది. అదీ ఒక అభిప్రాయమే. ఆ పుస్తకం గురించి నేను విన్నవాటిలో నాకు బాగా నచ్చింది కూడా అదే.

తెలుగులో లేవనుకోకండి. నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక' ఉంది. దేశమంతా కాలినడకన తిరిగిన ఆదినారాయణగారి 'భ్రమణకాంక్ష' ఉంది. లోకం చుట్టిన ఆడవాళ్ళ గురించి ఆయనే రాసిన 'స్త్రీ యాత్రికులు' ఉంది. ఇక శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి గురించి మీ ఊరి గ్రంథాలయంలో ఒక్క పుస్తకమైనా ఉందా? ఈసారి వెళ్ళినప్పుడు అడిగి చూడండి.

మన మాట ఎక్కడ చెప్పాలి?

అడగడం దగ్గరే అంతా ఉంది. ఇంటి పన్ను కట్టేటప్పుడు గ్రంథాలయ పన్ను కూడా మన దగ్గరే వసూలు చేస్తారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన పద్ధతి అది. అంటే ఆ బీరువాల్లో ఏ పుస్తకం ఉండాలో చెప్పే హక్కు మనకీ ఉంది. శాఖా గ్రంథాలయానికి వెళ్ళి ఫలానా పుస్తకం తెప్పించండని కాగితం మీద రాసివ్వండి. ఒకరు రాస్తే పక్కన పెడతారు. పదిమంది రాస్తే పట్టించుకోక తప్పదు. ఇంగ్లీషులోనే ఉన్న మంచి పుస్తకం తెలుగులోకి రావాలంటే, చదివేవాళ్ళున్నారని ప్రచురణకర్తకి తెలియాలి. తెలియజెయ్యాల్సింది మనమే. పుస్తక ప్రదర్శనలో స్టాలు ముందు నిలబడి, 'అమ్మాయిల ఆటల మీద ఏమైనా ఉందా బాబూ?' అని అడగడం కూడా ఒక ఓటే.

చదివాక ఊరుకోకండి. నాలుగు మాటలు రాయండి. పండితుల భాష అక్కర్లేదు. ఏ పేజీ దగ్గర ఆగారు, ఎక్కడ ఒప్పుకోలేకపోయారు, ఏ సంగతి రాయకుండా వదిలేశారనిపించింది... ఇవి చాలు. పక్కింటావిడకి చెప్పండి. పిల్లల బళ్ళో సభకి బహుమతులు ఎంచమంటే, స్టీలు గిన్నెలు, సబ్బుపెట్టెలు కాకుండా ఇలాంటి పుస్తకం ఒకటి పెట్టించండి. ఆటల పుస్తకం అబ్బాయికి, అల్లికల పుస్తకం అమ్మాయికి అని విడదీయకండి. అబ్బాయిలూ పూర్ణ కథ చదవాలి. గోడవతల ఈల వెయ్యాలో వద్దో వాళ్ళకి తెలియాలి కదా!

మనకిప్పుడు ఏ వయసొచ్చిందని అనుకునేవాళ్ళకి ఒక మాట. తెల్లవారుజామున కాలువగట్టు మీద నడిచేటప్పుడు కాళ్ళకింద నేల ఎలా ఉందో, ఏ పిట్ట కూసిందో చూసే ఓపికుంటే, బయటి ప్రపంచం మీద పుస్తకాలు చదవడానికి మీకు అర్హత ఉన్నట్టే. నడవడానికి కూడా తోడు కావాలా, ఇంట్లో చెప్పాలా అని ఆలోచించాల్సి వస్తోందంటే, ఆ పుస్తకాలు మీకింకా అవసరం.

మా మేనకోడలు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఛాంపియనేం కాలేదు. ఆదివారాలు నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి గుట్టలెక్కుతుంది, అంతే. ఆమధ్య అన్నయ్యగారింట్లో ఆ కార్బెట్ పుస్తకం మళ్ళీ నా చేతికొచ్చింది. అట్ట చిరిగింది, కుట్టు ఊడింది. లోపలి పేజీ మీద, 'చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులతో' అని నేను రాసిన మాట కింద పెన్సిలుతో తొమ్మిదో తరగతి దస్తూరీ ఉంది: 'ఇది తమ్ముడి పుస్తకమే కానీ నేనే ముందు చదివాను. కొడవలి పట్టుకున్న చెల్లెలు నాకు కార్బెట్ కంటే ఎక్కువ నచ్చింది. ఆమె పేరు ఎందుకు రాయలేదు?'

ఇన్నేళ్ళలో ఆ పుస్తకం గురించి నేను చదివిన మంచి సమీక్ష ఇదే. ఇలాంటివి మన ఇళ్ళలో ఎన్ని పుస్తకాల అట్టల వెనక పెన్సిలు గీతల్లో ఉండిపోయాయో! బయటికి తియ్యండి. నలుగురికీ చెప్పండి. ఎక్కడో చెట్టుకింద కూర్చుండిపోయిన ఎనిమిదో తరగతి పిల్ల మళ్ళీ లేచి పరుగెత్తడానికి అందులో ఒక్క మాట చాలేమో.